బోరు నీళ్లలో యురేనియం ఉంటే ఎలా తీసేయాలి?

యురేనియం అనగానే మనవాళ్లకు కడప జిల్లా తుమ్మలపల్లి గుర్తొస్తుంది. కానీ బోరు నీళ్లలో యురేనియం ఉండాలంటే పక్కన గని ఉండక్కర్లేదు. గ్రానైట్ రాళ్లలో అది సహజంగానే కొద్దికొద్దిగా ఉంటుంది. నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువైతే రాతిలోంచి కరిగి బయటికొస్తుంది. రాయలసీమలోనూ తెలంగాణలోనూ అలాంటి రాయీ అలాంటి నీళ్లూ మామూలే. ఇలా కరిగిన యురేనియానికి రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. బోరు నీళ్లలో ఉండే మోతాదులో భయపడాల్సింది రేడియేషన్ గురించి అంతగా కాదు. ఏళ్ల తరబడి తాగితే ముందు దెబ్బతినేది మూత్రపిండాలు.

మొదట పరీక్ష చేయించండి. ఇంట్లో ఉన్న టీడీఎస్ మీటరు ఇక్కడ పనికిరాదు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి మిల్లీగ్రాముల్లో చూపుతుంది, మనకు కావలసినది మైక్రోగ్రాముల లెక్క. మోటారు పది నిమిషాలు ఆడనిచ్చి, పైపులో నిలవున్న నీళ్లు పోయాక, ల్యాబ్‌వాళ్లిచ్చిన సీసాలోనే పట్టండి. సీసాలో ముందే యాసిడ్ చుక్కలు వేసి ఉంటే కడగొద్దు. యురేనియం సీసా గోడలకు అంటుకోకుండా అవి వేస్తారు. మామూలు వాటర్ టెస్టులో యురేనియం ఉండదు కాబట్టి పేరు చెప్పి మరీ అడగాలి. పనిలో పనిగా ఐరన్, నైట్రేట్, సల్ఫేట్, గట్టిదనం కూడా చూడమనండి. తర్వాత వాటితో పని పడుతుంది. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, అంటే 30 మైక్రోగ్రాములు దాటకూడదు. ఒక్క రిపోర్టు పట్టుకుని డబ్బు ఖర్చు పెట్టకుండా ఎండాకాలంలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి చూసుకోవడం మేలు.

నీళ్లు కాచితే యురేనియం పోదు. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి మిగిలినవాటిలో అది ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ దీపం దాన్ని తాకవు. చాలామంది పొరబడేది అపార్ట్‌మెంట్ మేడ మీదుండే సాఫ్ట్‌నర్ దగ్గర. అందులో రెజిన్ అనే పూసల పదార్థం ఉంటుంది, నీళ్లలో కరిగినవాటిని పట్టుకోవడమే దాని పని. కానీ అది పట్టేది కాల్షియం, మెగ్నీషియం లాంటి ధనావేశం ఉన్నవాటిని. మన బోరు నీళ్లలో యురేనియం కార్బొనేట్‌తో జట్టుకట్టి ఎక్కువగా రుణావేశంతో తిరుగుతుంటుంది. సాఫ్ట్‌నర్ దాన్ని దాదాపుగా పట్టించుకోదు.

కాబట్టి రెజిన్ కొనేటప్పుడు అడగాల్సింది రుణావేశం ఉన్నవాటిని పట్టే స్ట్రాంగ్ బేస్ అనయాన్ రకం, క్లోరైడ్ రూపంలో ఉన్నది. ఆవగింజకన్నా చిన్న గుండ్రటి పూసలు. నీళ్లు వాటి మధ్యనుంచి దిగుతుంటే పూస తన క్లోరైడ్‌ను వదిలి యురేనియాన్ని పట్టుకుంటుంది. జార్ఖండ్‌లోని జాదుగూడ మిల్లులో ఖనిజ ద్రవంలోంచి యురేనియం రాబట్టడానికి వాడే సూత్రం కూడా ఇదే. అక్కడ సరుకు కోసం పడతారు, ఇక్కడ వదిలించుకోడానికి.

స్నానానికి, బట్టలకు ఇది అక్కర్లేదు. చర్మం గుండా యురేనియం ఒంట్లోకి పోయేది బహు తక్కువ. తాగడానికి, వంటకు వాడే ఒక్క కుళాయికి పెట్టుకుంటే చాలు. వరుస ఇలా ఉండాలి: ముందు మట్టి పట్టే సెడిమెంట్ ఫిల్టరు, తర్వాత రెజిన్ కార్ట్రిడ్జ్, ఆపైన కుళాయి. ఐరన్ ఎక్కువుంటే ముందు దాన్ని తీయాలి, లేకపోతే తుప్పు పూసల మీద పేరుకుపోతుంది. కొత్త కార్ట్రిడ్జ్ నుంచి మొదట వచ్చే నీళ్లు పారబోయండి.

ఒక మెలిక ఉంది. యురేనియాన్ని రెజిన్ గట్టిగా పట్టుకుంటుంది, తన పరిమాణానికి వేల రెట్ల నీళ్లు పోయినా వదలదు. నైట్రేట్ అలా కాదు. మొదట్లో ఆగినట్టే ఆగి, రెజిన్ నిండాక ఒక్కసారిగా బయటికి తోసుకొస్తుంది. కొన్నాళ్లు కుళాయి నీళ్లలో బోరుకన్నా ఎక్కువ నైట్రేట్ ఉండొచ్చు. పసిపిల్లలున్న ఇల్లయితే, రిపోర్టులో నైట్రేట్ ఎక్కువుంటే రెజిన్ జోలికి పోకుండా ఆర్‌ఓ పెట్టుకోండి. మంచి ఆర్‌ఓ పొర యురేనియంలో 90 శాతానికి పైగా ఆపుతుంది, నైట్రేట్‌నూ బాగానే తగ్గిస్తుంది. నీళ్లు వృథా పోతాయన్న మాట నిజమే, ఆ వృథా నీళ్లతో నేల కడుక్కోవచ్చు. ఒక్క ఇంటికైతే నా ఓటు ఆర్‌ఓకే. ఊరంతటికీ ట్యాంకు దగ్గర పెట్టాలంటే రెజినే నయం.

ఏది పెట్టినా మూడు నెలలకోసారి కుళాయి నీళ్లు పరీక్షకు పంపాలి. రుచి చూసి కనిపెట్టే విషయం కాదిది.

ఇక వాడేసిన రెజిన్. నెలల తరబడి వచ్చిన యురేనియమంతా ఆ పిడికెడు పూసల్లో చేరి ఉంటుంది. పెరట్లో పారబోయొద్దు, పూలకుండీలో కలపొద్దు, ఇంట్లో ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ వాడే ప్రయత్నం అసలే వద్దు. ఆ ఉప్పునీళ్లు ఇంకిపోతే తీసినదంతా మళ్లీ నేలలోకే పోతుంది. కొనకముందే అమ్మేవాణ్ణి అడగండి: నిండిన కార్ట్రిడ్జ్ వెనక్కి తీసుకుంటారా, తీసుకుని ఎక్కడికి పంపుతారు? నీళ్లు నమిలితే ఇంకో దుకాణం చూసుకోండి.