పార్టీకి చందా ఇస్తే రాయితీ ఎవరికి?

ప్రశ్న: నేను రైతును. పార్టీకి వెయ్యి రూపాయల చందా ఇస్తే పన్ను రాయితీ వస్తుందా? కంపెనీల విరాళాలకు హద్దు ఉందా?
– ఒక పాఠకుడు, హాలియా

జవాబు: మీకు రాదండి. పార్టీకి నగదు రూపంలో కాకుండా ఇచ్చిన విరాళం మొత్తానికీ మినహాయింపు ఉంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. 30 శాతం శ్లాబులో ఉన్నాయన లక్ష ఇస్తే దాదాపు 30,000 మిగులుతుంది. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు కనుక మీ వెయ్యికి పైసా రాదు. అంటే ప్రభుత్వ ఖజానా డబ్బున్నవాడి చందాలోనే పాలు పంచుకుంటోంది. నా అభ్యంతరం ఇదే. ఇక కంపెనీల సంగతి. మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం అన్న హద్దును 2017లో ఎత్తేశారు. 2024 ఫిబ్రవరి 15న, పార్టీలకు విరాళమిచ్చే ఎన్నికల బాండ్లతో పాటు ఆ సవరణనూ సుప్రీంకోర్టు కొట్టేసింది; అంటే పాత హద్దు మళ్లీ ఉన్నట్టే. తర్వాత బయటపడిన లెక్కల్లో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ ఒక్కటే 966 కోట్ల బాండ్లు కొన్నట్టు తేలింది. హద్దు లేకపోతే మీ వెయ్యికి విలువేముంటుంది?

హద్దు పెడితే డబ్బు చాటుగా పారుతుందని కొందరంటారు. ఇప్పుడూ పారుతోంది కదా! మీ నాగార్జునసాగర్ అసెంబ్లీ నియోజకవర్గంలో అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, పార్టీ ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. ముందు ఆ గండి పూడ్చాలి. కెనడాలో కంపెనీల విరాళాలు నిషేధం; మొదటి 400 డాలర్ల చందాకు 75 శాతం పన్ను తగ్గిస్తారు. మనదగ్గర పన్ను కట్టని వారే ఎక్కువ కాబట్టి, చిన్న చందాకు సమానమైన మొత్తాన్ని ప్రభుత్వం జతచేసే పద్ధతి మేలు. దొంగ చందాదారులు పుట్టుకొస్తారన్న భయం న్యాయమైనదే; అందుకే బ్యాంకు ద్వారా వచ్చిన చందాకే ఆ జత ఇవ్వాలి.