గిలాబుకు ముందు జాలీ

సాగర్ రోడ్డు పొడవునా, ఆదిబట్ల వైపు, కొంగరకలాన్ కలెక్టరేట్ చుట్టుపక్కల కొత్త ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. ఇబ్రహీంపట్నంలో గిలాబు పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకు ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి.

కట్టిన మొదటి ఎండాకాలంలోనే పిల్లరు పక్కన నిలువుగా, బీము కింద అడ్డంగా సన్నని పగులు రావడం మీరు చూసే ఉంటారు. సిమెంటు తక్కువేశావని ఓనరు మేస్త్రీని నిలదీస్తాడు. చాలాచోట్ల తప్పు సిమెంటుది కాదు. కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకే తీరుగా సాగవు, ఆరేటప్పుడు ఒకే తీరుగా ముడుచుకోవు. ఆ రెండూ కలిసేచోట ఆ లాగుడును గిలాబు ఒక్కటే తట్టుకోలేదు. అక్కడ కోళ్ల జాలీ పట్టీ కొట్టాల్సిందే.

మన పెద్దలు తడిక కట్టి మట్టి మెత్తేవారు. మట్టి సందుల్లోంచి అవతలికి దూరి, అక్కడ కరుచుకుని ఆరేది. జాలీ చేసే పనీ అదే. అందుకే దాన్ని గోడకు బిగదీసి అతికించకండి. మాలు వెనక్కి పోవడానికి రెండు నూళ్ల సందు ఉండాలి. మేకు దగ్గర జాలీ కింద చిన్న రాతి పలుకు పెడితే ఆ సందు నిలుస్తుంది. వెనక మాలు నిండని చోట తర్వాత తాపీ పిడితో తట్టి చూడండి, డొల్ల మోగుతుంది.

జింకు పూత ఉన్న జాలీనే తీసుకోండి. అతుకుకు అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు రావాలి. పట్టీ మీద పట్టీ రెండు మూడంగుళాలు ఎక్కించండి. అంతకంటే ముందు పిల్లరు మీది సెంట్రింగ్ నూనె జిడ్డు కడిగి, సుత్తితో గాట్లు పెట్టండి. కరెంటు పైపుల కోసం కోసిన గాడుల మీదా జాలీ కొట్టడం మరవొద్దు. గిలాబు అయ్యాక కనీసం ఏడు రోజులు నీళ్లు కొట్టాలి. జాలీ తీగ అంచులు చేతులు కోస్తాయి, గ్లౌజులు వేసుకోండి.

ఇక కూలి. గిలాబుకు చదరపు అడుగు లెక్కన గుత్త మాట్లాడుకుంటారు, జాలీ ఊసే రాదు. దాంతో ఆ శ్రమ మీ మీదే పడుతుంది, చివరికి పట్టీ కొట్టడమే మానేస్తారు. బేరం రోజునే జాలీకి అడుగుల లెక్కన వేరే రేటు చెప్పండి. గిలాబు పడ్డాక అది ఎవరికీ కనిపించదు. మాలు వేసేముందు ఓనరును పిలిచి చూపించండి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.