ఫొటోకి దొరకని ఐదువందలు

పోయిన సంక్రాంతి సెలవులకి చోడవరం వెళ్లినప్పుడు మా కిరాణా కొట్టు గల్లాపెట్టెలోంచి ఒక దొంగ నోటు బయటపడింది. ఐదువందలది. నాన్న బ్యాంకులో డబ్బు కట్టడానికి వెళ్తే, కౌంటర్లో ఉన్నాయన అటూ ఇటూ తిప్పి చూసి, దాని మీద 'కౌంటర్‌ఫీట్ నోట్' అని ముద్ర కొట్టి, చేతిలో ఒక రసీదు పెట్టారట. నోటు తిరిగి ఇవ్వరు, బదులు డబ్బూ ఇవ్వరు. ఆర్‌బీఐ రూల్ అదే. ఒకసారి కట్టే డబ్బులో నాలుగు వరకు నకిలీవి వస్తే బ్యాంకు నెలకోసారి పోలీసులకి కలిపి రిపోర్టు పంపుతుంది. ఐదు, ఆపైన వస్తే ఎఫ్ఐఆరే.

ఐదువందలు లాభం రావాలంటే ఎన్ని సబ్బులు అమ్మాలో నాన్న లెక్క చెప్పలేదు గానీ, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

నేను సీఎస్ఈ రెండో సంవత్సరం కదా, వెంటనే హీరోలా "నేను యాప్ చేస్తాను నాన్నా, ఫొటో తీస్తే చాలు, అసలో నకిలీయో చెప్పేస్తుంది" అన్నాను. మినీ ప్రాజెక్టుకి టాపిక్ దొరికిందని లోపల సంబరం కూడా. మంచం మీంచి మామ్మ, "ఫొటోలో ఏటి తెలుస్తాదిరా బాబూ, సేత్తో ముట్టుకోవాల గానీ" అంది. నేను నవ్వాను. ఈ వ్యాసం ఆ నవ్వుకి నేను కట్టిన ఫైన్ అనుకోండి.

మొదటి అడ్డంకి డేటాసెట్. అసలు నోట్ల ఫొటోలు ఎన్నైనా తీయొచ్చు, నకిలీవి ఎక్కడ తేవాలి? తయారుచేస్తే భారతీయ న్యాయ సంహిత 178 సెక్షన్ ప్రకారం యావజ్జీవం దాకా పడుతుంది. ప్రాజెక్టు మార్కుల కోసం అంత రిస్క్ వద్దనుకున్నా. కానీ అసలు సమస్య అది కాదు, దాని వెనకాల ఉంది. దొంగ నోటు వేసేవాడు చాలాసార్లు చేసేదేంటి? మంచి స్కానర్‌తో స్కాన్ చేసి, మంచి ప్రింటర్‌తో తీయడం. అంటే వాడు బాగా కాపీ కొట్టగలిగింది సరిగ్గా నోటు ఫొటోనే. నా మోడల్ చూసేదీ ఆ ఫొటోనే! దొంగ ఎందులో ఫస్ట్ క్లాసో అందులోనే వాడికి పరీక్ష పెడుతున్నానన్నమాట.

అప్పుడు నోటు ఎలా తయారవుతుందో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒకటే కనిపించింది. నోటులో ముఖ్యమైన రక్షణలన్నీ ఫొటోలోకి రానివే.

కాగితంతో మొదలుపెడదాం. మన నోట్ల కాగితం చెక్క గుజ్జుతో కాదు, పూర్తిగా పత్తితో చేస్తారు. మధ్యప్రదేశ్‌లోని నర్మదాపురంలో (పాత పేరు హోషంగాబాద్) 1968 నుంచి మిల్లు ఉంది, మైసూరులో ఇంకోటి. కాగితం ఇంకా తడి గుజ్జుగా ఉన్నప్పుడే వాటర్‌మార్క్ పడిపోతుంది. గాంధీ గారి బొమ్మ అక్కడ సిరాతో వేసింది కాదు. కాగితం మందంగా ఉన్నచోట ముదురుగా, పల్చగా ఉన్నచోట వెలుగుగా కనిపిస్తుంది. సెక్యూరిటీ దారం కూడా ఆ తడిలోనే లోపలికి వెళ్తుంది. కాగితం ఆరిపోయాక ఈ రెండూ చేయడం కుదరదు, పైన పూత పూసి మోసం చేయడమే. ఇంకోటి: మనం ప్రింటర్లో వాడే తెల్ల కాగితం అల్ట్రావయొలెట్ లైటు కింద సాధారణంగా నీలంగా మెరుస్తుంది. నోటు కాగితం మెరవదు. దానిలోని సన్నటి పోగులు, నంబర్లు, దారం మాత్రమే మెరుస్తాయి.

ఇక ప్రింటింగ్. మామ్మ గెలిచింది ఇక్కడే. దీన్ని ఇంటాగ్లియో అంటారు. లోహపు ప్లేటు మీద గీతలు లోతుగా చెక్కుతారు, గాడుల్లో సిరా నింపి పైన తుడిచేస్తారు, చాలా ఒత్తిడితో కాగితాన్ని దాని మీద అదుముతారు. సిరా కాగితం మీద గట్టులా లేచి నిలబడుతుంది. ఐదువందల నోటు తీసి గాంధీ బొమ్మ మీద, అంచుల్లో ఉన్న ఏటవాలు గీతల మీద వేలు పెట్టండి. ఐదువందలకి ఐదు గీతలు, వందకి నాలుగు. రెండువందలకీ నాలుగే, కానీ మధ్యలో రెండు సున్నాలు. చూపు లేనివాళ్లు గుర్తుపట్టడానికి పెట్టినవి ఇవి, మిగతావాళ్లకి బోనస్. ఇంక్‌జెట్ ప్రింటర్ గీతని వేయగలదు, గట్టుని వేయలేదు.

ఈ చెక్కుడు పని, ఆ మిషన్లు ఎంత అరుదంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువొచ్చి నిజాం ప్రభుత్వం 1918లో హైదరాబాద్ సొంత నోట్లు తెచ్చినప్పుడు వాటిని లండన్‌లో వాటర్లో కంపెనీ దగ్గర అచ్చేయించింది. బ్రిటిష్ ఇండియా నోట్లు కూడా 1928లో నాసిక్ ప్రెస్సు మొదలయ్యేదాకా ఇంగ్లండ్ నుంచే వచ్చేవి. ఇప్పుడు నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బొనీ అని నాలుగు ప్రెస్సులున్నాయి.

రంగు మారే దారం సంగతి మీకు తెలిసే ఉంటుంది. నోటు వంచితే ఆకుపచ్చ కాస్తా నీలం అవుతుంది. సబ్బు బుడగ మీద రంగులు కదిలినట్టే, పల్చటి పొరల మధ్య కాంతి చేసే పని అది. ఫొటో ఒక్క కోణంలోనే తీస్తాం కాబట్టి ఏదో ఒక్క రంగే వస్తుంది. అయిపోయింది.

స్కానర్ వైపు నుంచి కూడా ఆపే ప్రయత్నాలు ఉన్నాయండోయ్. 2002లో కేంబ్రిడ్జ్‌లో మార్కస్ కున్ అనే కంప్యూటర్ సైంటిస్టు, కలర్ జిరాక్స్ మిషన్ నోట్లని కాపీ చేయనని మొండికేయడం చూసి, ఎందుకా అని వెతికి, యూరో నోటులో ఐదు చిన్న సున్నాల అమరికని పట్టుకున్నాడు. ఓరియన్ నక్షత్రాల్లా ఉందని దానికి యూరియన్ అని పేరు పెట్టాడు. ఇలాంటి బగ్ హంట్ చేయాలని నాకూ ఆశ.

ఆర్‌బీఐకే 2020 నుంచి 'మణి' అనే యాప్ ఉంది. చూపు లేనివాళ్లకి కెమెరాతో ఇది ఎంత నోటో చెప్తుంది. అసలో నకిలీయో మాత్రం చెప్పదు, ఆ మాట వాళ్లే రాసి పెట్టారు. అది చదివాక నా గిట్‌హబ్ ఫోల్డర్ డిలీట్ చేశాను.

ఉగాదికి ఇంటికెళ్లి ఇదంతా నాన్నకి చెప్పి, "ప్రతి నోటూ లైటుకి ఎత్తి చూడండి" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. రోజూ వచ్చే మనిషి నోటు ఎదురుగా ఎత్తి చూస్తే ఏమనుకుంటారు, రేపట్నుంచి పక్క కొట్టుకి పోతారు అన్నారు. పేపర్లలో, పీడీఎఫ్‌లలో నాకు ఎక్కడా కనపడని పాయింటు ఇది. కానీ నోటు తీసుకుంటూ బొటనవేలితో అంచు గీతల మీద ఒకసారి రాస్తే ఎవరికీ తెలియదు కదా. మామ్మ కొట్లో కూర్చున్న రోజుల్లో చేసింది అదే. ఇప్పుడు నాన్న కూడా అలాగే చేస్తున్నారు.

ఆ నోటు ఎవరిచ్చారో నాన్నకి అనుమానం ఉంది. అడిగితే పేరు చెప్పలేదు. "వాళ్లకీ ఎవరో ఇచ్చుంటారులే" అని తూకం వేయడంలో పడిపోయారు.