వాద్యాభ్యాసము – తల్లిదండ్రుల కర్తవ్యము

శ్రీమద్రామాయణము ఉత్తరకాండలో, శ్రీరాముని అశ్వమేధ యాగమునకు శిష్యసమేతముగా విచ్చేసిన వాల్మీకి మహర్షి కుశలవులను పిలిచి చేసిన ఉపదేశము చాల చిన్నది. ఋషుల నివాసములయందును, రాజవీథులయందును, రామభవన ద్వారమునందును ఈ కావ్యమును గానము చేయుడు. దినమునకు ఇరువది సర్గలు పాడుడు. ధనమునందు ఆశ ఇంచుకయు వలదు. మీరెవరి బిడ్డలని రాజు అడిగినచో వాల్మీకి శిష్యులమని మాత్రమే చెప్పుడు. ఈ తంత్రులను శ్రుతి చేసికొని మధురముగా పాడుడు. ఇంతియే ఆ ఉపదేశ సారము. శత్రుఘ్నుడు లవణాసుర వధకై పోవుచు వాల్మీకి ఆశ్రమమున విడిసిన రాత్రి ఆ బాలకులు జన్మించిరి. అతడు పండ్రెండేండ్లకు మరలి వచ్చెను. యాగము ఆ తరువాతి కథ. కావున ఆ గాయకులు నేటి లెక్కలో ఏడవ తరగతియో ఎనిమిదవ తరగతియో చదువు ఈడువారు.

ఆ ఉపదేశములో ‘విగతజ్వరౌ’ అను ఒక విశేషణము కలదు. జ్వరము విడిచినవారై పాడవలెనని అర్థము. ఇచట జ్వరమనగా ఒడలి వేడిమి కాదు, మనస్సులోని తాపము. సభలో తప్పు పోవునేమో, రాజు మెచ్చునో మెచ్చడో, ఎదుటివారు నవ్వుదురేమో అను తహతహ. ఉద్యోగకాలమున ఈ ఘట్టమును పాఠము చెప్పిన ప్రతిసారియు ఈ మాట వద్ద కొంతసేపు ఆగుట నాకు వాడుక. ఎంత పాడవలెనో కొలత చెప్పి, ఎందులకు పాడరాదో చెప్పి, పిదప జ్వరమును తీసివేసి పంపినాడు మహర్షి. ఆ బాలకులును మరునాడు రాముడు పదునెనిమిది వేల సువర్ణములను ఇప్పింపబోగా, కందమూలములు తిను వనవాసులము, అడవిలో మాకు బంగారముతో పని యేమని తిరస్కరించిరి.

నేడు మన ఇండ్లలో జరుగుచున్నది చాలవరకు దీనికి విలోమముగా నున్నది. జ్వరమును ముందుగా మనమే ఎక్కించుచున్నాము. ఎనిమిదవ ఏట పిల్లను వీణ పాఠమునకు పంపుదుము. రెండు సరళీ వరుసలు వచ్చిన మరుసటి దినముననే చుట్టములు వచ్చినపుడు “ఏదీ, వాయించి చూపుమమ్మా” అందుము. పదమూడవ ఏట ఆ పిల్ల అదే మాటకు ముఖము మాడ్చుకొని లోపలికి పోవును. దానిని పొగరనుకొందుము. పదవ తరగతి రాగానే, పరీక్షలు గదా అని వీణకు గుడ్డ చుట్టి అటక మీద పెట్టింతుము. ఇంటర్మీడియట్ వచ్చును, పోటీ పరీక్షలు వచ్చును, పిల్ల వసతి గృహమునకు పోవును. అటక మీది వీణ అటక మీదనే యుండును. నేనెరిగిన వైష్ణవ గృహములలో ఇట్టి వీణలు ఒక్కచేతి వ్రేళ్లతో లెక్కింపగలిగినన్ని కావు.

యాజ్ఞవల్క్య స్మృతిలో యతిధర్మములను చెప్పు పట్టున, వీణావాదన తత్త్వము నెరిగి, శ్రుతులను జాతులను తెలిసి, తాళజ్ఞానము గలవాడు ప్రయాసము లేకయే మోక్షమార్గమును పొందునని చెప్పబడినది. ధర్మశాస్త్రము వినోదమును గూర్చి ఇట్టి మాట చెప్పదు. శ్రీరంగనాథుని సేవించిన తిరుప్పాణాళ్వారును చేత వీణ లేకుండ మనము ధ్యానింపము. కావున వైష్ణవ గృహమున వాద్యము అలంకారవస్తువు కాదు, ఆరాధనోపకరణము. హారతి పళ్లెరమును పదవ తరగతి పరీక్షల కొరకు అటక ఎక్కింతుమా?

ఐదేండ్లు లాలింపవలెను, పదేండ్లు దండింపవలెను, పదునారవ ఏడు రాగానే కుమారుని మిత్రునివలె చూడవలెను అను నీతి శ్లోకము అందరెరిగినదే. అందలి నడిమి పాదమును తండ్రులు మిక్కిలి శ్రద్ధతో పాటింతురు గాని, చివరి పాదమునకు వచ్చునప్పటికి మరచిపోదురు. శాస్త్రపాఠమున దండన ఎంతవరకు పనికివచ్చునో వేరు విచారము. నేను చదివిన పాఠశాలలో బెత్తము లేకపోలేదు. నాదవిద్యయందు మాత్రము దానికి చోటు లేదని నా నిశ్చయము. భయపడిన చేయి బిగిసికొనును. బిగిసిన చేతికి గమకము పలుకదు. తీగను మెట్టు మీద ప్రక్కకు లాగి మీది స్వరమును పలికింపవలసిన వ్రేలు సడలికగా నుండవలెను గదా. తండ్రి ఎదుట కఱ్ఱ పట్టుకొని కూర్చున్నచో కంపితము వచ్చునది తీగలో కాదు, పిల్లవాని మేనిలో.

మరి తల్లిదండ్రులు చేయవలసినదేమి? తమకు సంగీతము రాదే అని పలువురు వెనుకాడుదురు. రాకపోయినను చేయదగినది కలదు. వైదిక విద్యలో సంత చెప్పుట గురువు పని, చింతన విద్యార్థి పని. ఆ చింతన వేళ ప్రక్కన ఒకరు ఊరక కూర్చుండెడివారు. మా పాఠశాలలో ఒక వృద్ధుడు, వేదము చదువనివాడు, సాయంకాలము అరుగు మీద కూర్చుండి మేము వల్లించుచుండగా వినెడివాడు. స్వరము తప్పినచో ఆయనకు తెలియదు. కాని వల్లించుట ఆగినచో తెలియును. ఆగినపుడు తల యెత్తి చూచెడివాడు. అంతే. ఆ చూపు చాలెడిది.

ఇంటిలో తల్లియో తండ్రియో తాళము వేయుట నేర్చుకొనవచ్చును. ఆదితాళము ఒక పూటలో పట్టుబడును. ఒక దెబ్బ, పిమ్మట చిటికెనవ్రేలు మొదలుకొని మూడు వ్రేళ్ల లెక్క, ఆపై దెబ్బయు విసర్జితమును రెండు మారులు. వెరసి ఎనిమిది. పురందరదాసు ఏర్పరచినవని సంప్రదాయము చెప్పు సరళీ వరుసలు, జంట వరుసలు అన్నియు మాయామాళవగౌళ రాగమున ఈ తాళముతోనే ఆరంభమగును. వీటిని మూడు కాలములలో వాయింపవలెను. పిల్లలు సహజముగా మూడవ కాలమునకే ఉరుకుదురు. వేగము వారి వయోధర్మము. తల్లి చేతితో తాళము వేయుచు మొదటి కాలమును నింపాదిగా నడిపించినచో, ఆ ఒక్క సాయము వలననే గురువు శ్రమ సగము తగ్గును. తల్లికి కూడ దినమున అరగంట కూర్చుండుటకు ఒక కారణము దొరకును. పదునాలుగేండ్ల బిడ్డ మాట వినుట లేదని వాపోవు తల్లులు, ఆ బిడ్డతో మాటలు లేకయే అరగంట గడుపు మార్గము మరియొకటి చూపగలరా?

చూచుటలో కూడ శ్రద్ధ వలయును. పెరియాళ్వార్ తిరుమొழి మూడవ పత్తులోని ఆరవ దశకమున శ్రీకృష్ణుని వేణుగానము వర్ణింపబడినది. ఎడమ దవడ ఎడమ భుజము మీదికి వాలుట, రెండు చేతులు కూడుట, కనుబొమలు ముడివడి పైకెగయుట, చిన్ని వ్రేళ్లు వేణువు మీద తడవుచు కదలుట, కనుబొమపై చిరుచెమట పట్టుట. పక్షులు గూళ్లు విడిచి వచ్చినవి, ఆవులు కదలక నిలిచినవి అని కూడ చెప్పిరి గాని, ముందుగా ఆళ్వారు కంటబడినది ఆ చెమట! యశోదాభావమున అన్ని పాశురములను పాడినవాడు గనుకనే అది ఆయనకు కనబడినది. వాయించు బిడ్డను మనమును అట్లు చూచినచో తెలియవలసినవి చాల తెలియును. వీణ వాయించునపుడు బాసిపట్టు వేసికొని, సొరకాయ బుఱ్ఱను ఎడమ తొడపై ఆనించి, కుండను కుడి ప్రక్క నేలపై నిలుపవలెను. పదమూడు పదునాలుగేండ్ల ఈడున ఒడలు చిక్కుడు తీగవలె పెరుగును. నిన్న సరిపోయిన కూర్చుండు తీరు నేడు సరిపోదు. వెన్ను వంగుచున్నదా, ఎడమ మణికట్టు నొచ్చుచున్నదా అన్నది గురువు వారమునకు రెండు దినములే చూచును, ఇంటివారు ప్రతిదినము చూతురు. చూపుడువ్రేలి కొనను, నడిమివ్రేలి కొనను తీగ ఒరసి గాటు పడుట సహజము. కొన్ని నెలలలో అచట చర్మము గట్టిపడును. ఆ నొప్పిని “ఏమీ కాదులే” అని కొట్టివేయక, వ్రేలికి కొంచెము కొబ్బరినూనె రాయు తల్లి ఉన్న ఇంట ఆ పిల్ల మరునాడు మరల వీణ ముట్టుకొనును.

మన సంప్రదాయమున ఈ విద్య ఇంటి గుండానే నడచినది. నాథమునులు దివ్యప్రబంధమునకు స్వరతాళములు కూర్చి, ముందుగా నేర్పినది తమ సోదరి పుత్రులగు మేలైయగత్తాళ్వానుకును, కీళైయగత్తాళ్వానుకును. మేనమామ గురువైనాడు. శ్రీరంగమున నేటికిని జరుగు అరయర్ సేవ ఆ పరంపరలోనిదే. కరవది గ్రామమున జన్మించిన షేక్ చిన మౌలానా (1924–1999) నాదస్వరమున తొలిపాఠములు తండ్రి వద్దనే నేర్చినాడు. పిదప శ్రీరంగమున స్థిరపడి రంగనాథుని సన్నిధిని నాదసేవ చేసినాడు. వైణికులు ఈమని శంకరశాస్త్రిగారికిని (1922–1987) తండ్రియే గురువు.

ద్వారం వెంకటస్వామినాయుడుగారి కథ (1893–1964) తల్లిదండ్రులు ప్రత్యేకించి తెలిసికొనదగినది. బాల్యముననే చూపు మందగించుటచే బడి చదువు సాగలేదు. అట్టి బిడ్డను ఏ పనికిని రానివాడని ఒక మూల కూర్చుండబెట్టు ఇండ్లు ఆనాడును ఉండెను, నేడును ఉన్నవి. అన్నగారు వెంకటకృష్ణయ్య తమ్మునికి ఫిడేలు నేర్పిరి. 1919లో విజయనగరమున మహారాజావారు సంగీత కళాశాలను స్థాపింపగా, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులైరి. అందు విద్యార్థిగా చేరవచ్చిన నాయుడుగారిని, వాయించగా విని, ఆచార్యునిగా నియమించిరి. అప్పటికి ఆయనకు ఇరువదియారేండ్లు. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులైరి. సంస్థానోద్యోగి ఒకరి అంధుడగు కుమారునికి సంగీతము నేర్పింపవలెనను తలంపే ఆ కళాశాల పుట్టుటకు మూలమని కూడ అచట చెప్పుకొందురు. ఒక అన్న శ్రద్ధ, ఒక తండ్రి చింత ఒక్కచోట కలిసినవి.

పరీక్షల సంవత్సరమును గూర్చి ఒక మాట. నాకు తెలిసిన ఒక గుమాస్తాగారింట పదవ తరగతి వచ్చినదని వీణపాఠము మాన్పించిరి. పిల్ల నాయనమ్మ మాత్రము, సాయంకాలము దీపము పెట్టిన వెంటనే పెరుమాళ్ల ఎదుట ఒక్క కీర్తన వాయించి లేవవలెనని నియమము పెట్టినది. ఎక్కువ వాయించినను ఒప్పుకొనెడిది కాదు, “లే, పోయి చదువుకో” అనెడిది. పది నిమిషముల పని. ఏడాది తిరిగినది. చేయి పోలేదు. ఇంకను కావలెనను ఆకలితో ఆ పిల్ల సెలవులలో గురువుగారింటికి తానే నడచి పోయినది. వాల్మీకి ఇరువది సర్గలని కొలత పెట్టుటలోని సూక్ష్మమును ఆ వృద్ధురాలు రామాయణము చదువకయే గ్రహించినది. పరీక్షలో తప్పిన పిల్లవానిని దండించుటకు వాద్యమును లాగికొనుట కొన్ని ఇండ్లలో కలదు. అది దేవుని గదికి తాళము వేయుట వంటిదే.

పిల్లవాడు తనకు వీణ వలదు, వేణువో మృదంగమో కావలెనన్నచో అలుగవలదు. తాతగారి వీణ ఇంటనున్నదను కారణము మనది, వాని చెవి వానిది. చలనచిత్ర గీతమును వీణపై పలికించుకొనుచున్నచో కూడ వెంటనే గద్దింపవలదని నా మనవి. ఎవరును నేర్పని స్వరములను చెవితో వెదకి పట్టుట చిన్న విద్య కాదు. కొన్నాళ్లకు గురువే దానిని రాగము వైపు త్రిప్పగలడు.

విదేశములలోని మన తెలుగువారి పిల్లలు ఇచటి గురువుల వద్ద దూరదర్శన యంత్రముల వంటి తెరల ద్వారా పాఠములు వినుచున్నారు. గురువు లేని చోట అది గొప్ప మేలు. కాని ధ్వని చేరుటలో క్షణకాలపు జాగు ఉండుటచే గురుశిష్యులు కలిసి వాయించుట కుదురదు. గురువు శిష్యుని మణికట్టును తన చేతితో సరిదిద్దలేడు. అట్టి ఇండ్లలో ప్రక్కన కూర్చుండు తల్లిదండ్రుల బాధ్యత రెండింతలగును.

ఇక వీణ సంగతి. ఇరువదినాలుగు మెట్లును మైనముపై నిలిచియుండును. ఎండ తగిలినచో మైనము మెత్తబడి మెట్టు కదలును, స్వరము తప్పును. తప్పు వీణదై యుండగా బిడ్డను కోపగించుట పలుచోట్ల జరుగుచున్నది. శ్రుతి నిలువనపుడు ముందుగా బిరడలను, మెట్లను చూపించవలెను. బొబ్బిలి ప్రాంతమున పనసమ్రానుతో వీణలు చేయు కుటుంబములు నేటికిని కలవు. ఒకే దుంగలో కుండను, దండిని తొలిచి చేయు ఏకాండి వీణలకు ఆ ఊరు ప్రసిద్ధము. మైనము మార్పించి మెట్లు కట్టించుటకు వేసవి సెలవులలో పనివాని యొద్దకు పోవునపుడు పిల్లలను వెంట తీసికొని పోవుడు. అతడు ఒక్కొక్క మెట్టును నిలిపి, తీగ మీటి, చెవి యొగ్గి విని, వెండ్రుకవాసి జరిపి, మరల మీటుచుండును. ఇరువదినాలుగు మెట్లు అయ్యెడివరకు పిల్లను అచటనే కూర్చుండనిండు.