రెండు దుప్పటి సంచులు

సీతాఫల్‌మండి,
12 ఏప్రిల్ 2025

చి. ల. సౌ. బుజ్జికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

తార్నాకకీ సీతాఫల్‌మండికీ మధ్య ఉత్తరమేమిటి అనుకోకు. మొన్న ఆదివారం మీ ఇంటికొచ్చినప్పుడు నోటిదాకా వచ్చిన మాట మీ అత్తగారి ముందు అనలేక మింగేసి వచ్చాను. ఫోన్లో చెబుదామంటే నువ్వెప్పుడూ క్యాంపస్‌లో, మనుషుల మధ్యలో ఉంటావు. ఇది తీరిగ్గా చెప్పాల్సిన సంగతి.

మేలో కసోల్ వెళ్లి సర్‌పాస్ కనుమ ఎక్కుదామని మీరిద్దరూ యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వాళ్లకు డబ్బు కట్టారు. తీరా చూస్తే అక్కడ ఆడవాళ్లకు వేరే టెంటు, మగవాళ్లకు వేరే టెంటు. "పెళ్లయి నాలుగు నెలలు కాలేదు, విడివిడిగా పడుకోవడానికా అంత దూరం? మానేయండి" అన్నారు మీ అత్తగారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు. కానీ నువ్వు కూడా తలూపావు చూడు, అక్కడే నా ప్రాణం చివుక్కుమంది. మానేయకమ్మా. ఎందుకో చెబుతాను.

మా పెళ్లి 1984లో. నువ్వు చూసిన ఈ ఇల్లు కాదు, అప్పుడు నామాలగుండు వైపు గల్లీలో రెండు గదుల కిరాయి పోర్షన్. మా అత్తగారు, మామగారు, ఇద్దరు మరుదులు, ఒక ఆడబిడ్డ, మేమిద్దరం. రాత్రి అంట్లు కడిగి బోర్లించాక వంటగదిలో చాప వేసుకునేవాళ్లం. పల్చటి చెక్క తలుపు, అవతల మామగారి దగ్గు. మొదటి నెలలో గుసగుసగా మాట్లాడుకునేవాళ్లం. తర్వాత ఆ గుసగుస కూడా ఆగిపోయింది. పగలు ఆయన లాలాగూడ వర్క్‌షాపులో, నేను యూనివర్సిటీ లైబ్రరీలో. సాయంత్రం మాకు మిగిలే మాటలు చింతపండు అయిపోయిందనీ, కిరోసిన్ ఇస్తున్నారనీ. ఒక్క చాప మీద పడుకున్నంత మాత్రాన ఒకరికొకరు తెలుస్తారనుకోవడం పొరపాటని నాకు ఆ వంటగదిలో అర్థమైంది.

మీ మామయ్యది రైల్వే ఉద్యోగం కనుక పాసు ఉండేది. రైలు ఉచితం, దిగాక తల దాచుకునే చోటే ఖరీదు. లాడ్జికి పెట్టే స్తోమత లేదు. హుస్సేన్‌సాగర్ పక్కన బోట్స్ క్లబ్ దగ్గర యూత్ హాస్టల్ బోర్డును బస్సులోంచి ఎన్నోసార్లు చూశాం గానీ అది కుర్రాళ్లకు మాత్రమేనని అనుకునేవాళ్లం. మా లైబ్రరీకి వచ్చే ఒక రీసెర్చి విద్యార్థి చెప్పాడు, మెంబర్‌షిప్ కార్డు ఉంటే పెళ్లయినవాళ్లయినా, వయసు మళ్లినవాళ్లయినా ఉండొచ్చని. ఇద్దరం కార్డులు తీసుకున్నాం.

హాస్టల్లో పరుపు వాళ్లిస్తారు, పరుపుకీ ఒంటికీ మధ్య వేసుకునే దుప్పటి సంచి మనమే తెచ్చుకోవాలని ఆ అబ్బాయే చెప్పాడు. తెల్లటి నేత దుప్పట్లు రెండు కొని, పక్కింటివాళ్ల మిషను అడిగి, ఒక్కోదాన్నీ నిలువునా మడిచి అడుగునా పక్కనా కుట్టాను. పైన మాత్రం దిండు దూర్చుకోవడానికి జానెడు మడత వదిలాను. మా అత్తగారు చూసి "ఇవేం గోనె సంచులే?" అన్నారు. ఎక్కడికని అడగలేదు. ఆవిడకి అర్థమైందనుకుంటాను.

1985 డిసెంబరులో ఔరంగాబాద్ వెళ్లాం. అప్పట్లో ఆ లైను మీటర్‌గేజ్. రాత్రంతా ఊగుతూ వెళ్లే బండి, కిటికీ చెక్కలు మూసినా చలి. స్టేషన్ రోడ్డులో యూత్ హాస్టల్ వెతుక్కుంటూ వెళ్లాం. రిజిస్టర్లో పేర్లు రాశాక వార్డెన్ నన్నొక వైపూ, ఆయన్నొక వైపూ చూపించాడు. ఆడవాళ్ల డార్మిటరీ ఇటు, మగవాళ్లది అటు. ముందే తెలిసినా ఆ వరండాలో ఇద్దరం కాసేపు అలాగే నిలబడిపోయాం. పెట్టె ఒక్కటే. అది ఆయనతో వెళ్లింది. నా సబ్బు, దువ్వెన, నూనె సీసా, మార్చుకునే చీర అన్నీ అందులోనే. చీకటి పడ్డాక వరండా చివర నిలబడి ఆయన్ని కేకేసి, ఒక్కొక్కటీ అడిగి తీయించుకున్నాను. మీరు మాత్రం ఎవరి సంచి వారు సర్దుకోండి. ఒక టూత్‌పేస్టు ఇద్దరికీ చాలుతుందని తెలివి చూపించొద్దు.

ఆ రాత్రి నా పక్క మంచం మీద నాసిక్ నుంచి వచ్చిన స్కూలు టీచరమ్మ. ఆవిడకు నా హిందీ అర్థం కావడానికి అరగంట పట్టింది, మన హైదరాబాద్ హిందీ కదా. ఎల్లోరా కైలాసం గురించి ఆవిడ చెప్పింది. అది కట్టిన గుడి కాదట, కొండని పైనుంచి కిందికి చెక్కుతూ వచ్చారట. ముందు శిఖరం, చివర్న పునాది. ఎనిమిదో శతాబ్దంలో రాష్ట్రకూట కృష్ణుడి కాలంలో మొదలైన పని. దీపాలు తీసేశాక కూడా చీకట్లో చేతులు ఆడిస్తూ చెబుతూనే ఉంది. ఆవిడ గాజుల చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆవిడ నన్ను "కోడలా" అనలేదు, "వాళ్లావిడ" అనలేదు. పేరు అడిగింది, ఏం చదివావంది, లైబ్రరీలో ఏ విభాగమంది. పెళ్లయ్యాక నన్ను ఆ ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి ఆవిడే.

తెల్లారి మెట్ల మీద ఇద్దరం చాయ్ గ్లాసులతో కూర్చున్నాం. మీ మామయ్య మొహం వెలిగిపోతోంది. మగవాళ్ల వైపు ఒక కేరళ ముసలాయన ఉన్నాడట, సైకిలు మీద దేశం తిరుగుతున్నాడట, రాత్రి ఆ సైకిలు చక్రానికి వంకర తీసిచ్చారట ఈయన. ఆ చక్రం ఎలా తిప్పారో, ఏ పుల్ల ఎంత బిగించారో, ముసలాయన ఏ ఊళ్లో ఏం తిన్నాడో, అన్నీ చెప్పుకుపోయారు. పెళ్లయిన ఏడాదిన్నరకి మొదటిసారి మా ఆయన నాకొక కథ చెప్పారు. నేను టీచరమ్మ సంగతి చెప్పాను. చాయ్ చల్లారిపోయింది. ఇంట్లో ఒకే గదిలో పడుకుని లేచే మాకు ఒకరికొకరు చెప్పుకోవడానికి ఏముండేది? ఇద్దరం చూసింది ఒకటే, విన్నది ఒకటే. ఒక్క రాత్రి గోడకి చెరోవైపు ఉండేసరికి, పొద్దున్న ఎదురుగా వచ్చింది ఊరెళ్లొచ్చిన మనిషి.

ఆ రోజే బస్సెక్కి ఎల్లోరా వెళ్లాం. పదహారో నంబరు గుహ, అదే ఆ కైలాసం, ముందు నేను టీచరమ్మ మాటలు అప్పజెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడ మీద ఉలి గాట్లు వేలితో తడిమి, "మా వర్క్‌షాపులో ముక్క చెడిపోతే ఇంకోటి పోత పోస్తాం. వీళ్లకి ఆ వీలు లేదు. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే ఏనుగు తొండం పోయినట్టే, మళ్లీ అతికేది కాదు" అన్నారు. ఎన్ని పుస్తకాలు సర్దినా నాకు ఆ సంగతి తట్టలేదు. ఆ ఉద్యోగం చేసే మనిషికే తట్టింది. మా ఆయన పని గొప్పదని నాకు ఆ రాతి ముందు తెలిసింది. తిరిగొచ్చాక సాయంత్రాలు మా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వెళ్లడం మొదలుపెట్టాం. 1939లో తెరిచిన ఆ భవనం స్తంభాల్లో అజంతా ఎల్లోరా పోలికలున్నాయంటారు. నువ్వు రోజూ ఆ ముందునుంచే పోతావు. ఒకసారి ఆగి చూడు.

అన్నీ తీపి జ్ఞాపకాలేనని చెబితే నిన్ను మోసం చేసినట్టే. ఒక ఊళ్లో, పేరెందుకులే, రాత్రి తొమ్మిదింటికి వెళితే మీరు భార్యాభర్తలని రుజువేమిటన్నారు. పెళ్లి ఫోటో ఎవరు మోసుకు తిరుగుతారు? తాళి బయటికి తీసి చూపించమన్నాడు ఆ మనిషి. చూపించాను. ఇంకో దారి లేదు, ఆఖరి బస్సు పోయింది. మీ మామయ్య చేతులు వణకడం చూశాను. నలభై ఏళ్లయినా ఆ అవమానం అరగలేదు. అక్కడ ఎలాగూ మాకు విడివిడి పడకలే ఇచ్చారు, మరి ఆ రుజువు దేనికి? పెద్దవాళ్లైన ఇద్దరు మనుషులు తమ పేరూ ఊరూ చూపించాక మరో ప్రశ్న అడిగే హక్కు ఎవరికీ లేదని నా నమ్మకం. అయినా మీరు ఆధార్ కార్డులతో పాటు మ్యారేజ్ సర్టిఫికెట్ జిరాక్సు ఒకటి పెట్టుకోండి. న్యాయం వేరు, అర్ధరాత్రి పడక వేరు.

సముద్రం ఒడ్డున ఇంకో ఊళ్లో నాకు నడిరాత్రి జ్వరం వచ్చింది. కబురు అందుకుని మీ మామయ్య వస్తే ఆడవాళ్ల వైపు గేటు తీయలేదు. రూలంటే రూలు. ఆయన తెల్లవార్లూ ఆ మెట్ల మీదే కూర్చున్నారు. నా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది కేరళ నుంచి వచ్చిన నర్సింగ్ విద్యార్థిని. గంటకోసారి కిటికీలోంచి వంగి "తగ్గుతోంది" అని ఆయనకి చేత్తో సైగ చేసేదట. రూలు ఉండాలి, ఆడపిల్లలు ఒంటరిగా నిశ్చింతగా నిద్రపోయేది ఆ గేటు వల్లే. కానీ జబ్బు చేసినప్పుడు వంగని రూలు మనుషుల కోసం పెట్టింది కాదు. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా తాళంచెవి తీసుకోకముందే అడగడం నేర్చుకున్నాను: రాత్రి అవసరం పడితే ఎవర్ని లేపాలి, మా ఆయన్ని ఎలా పిలవాలి? నువ్వూ క్యాంప్ లీడర్ని మొదటి రోజే ఈ మాట అడుగు. కొండ మీద ఆయాసం, తలనొప్పి చిన్నవిగా మొదలవుతాయి. అక్కడ మొహమాటం పనికిరాదు.

అసలు ఈ విడివిడి పడకల పద్ధతి ఎక్కడిదో తెలుసా? రిచర్డ్ షిర్మన్ అని జర్మనీలో ఒక బడిపంతులు. 1909 ఆగస్టులో పిల్లల్ని వెంటబెట్టుకుని కాలినడకన పోతుంటే గాలివాన కమ్మేసింది. ఒక పల్లెలో బడి గది ఇచ్చారు, రైతు దగ్గర గడ్డి తెచ్చి పరుచుకున్నారు. పిల్లలు నిద్రపోయారు, పంతులికి నిద్ర పట్టలేదు. సెలవుల్లో ఊరూరా బడులు ఖాళీగానే ఉంటాయి కదా, నడిచిపోయే పిల్లలకు అవే ఆశ్రయమైతే ఎంత బావుండు అనుకున్నాడు. ఆ ఆలోచనే 1912లో ఆల్టెనా అనే ఊరి కోటలో హాస్టలై నిలబడింది. మన దేశంలో అసోసియేషన్ 1949లో ఏర్పడింది. బడిపిల్లల కోసం పుట్టిన ఇల్లు కనుకే అమ్మాయిలు ఇటు, అబ్బాయిలు అటు. దంపతులం మనం తర్వాత వచ్చిన చుట్టాలం. ఈ సంగతి తెలిశాక ఆ గోడ మీద నాకు కోపం పోయింది.

తర్వాత్తర్వాత కొన్నిచోట్ల దంపతుల గది కూడా దొరికింది. హాయిగా ఉండేది, కాదనను. ఒంట్లో బాగోలేనప్పుడు, నెలసరి ఇబ్బంది ఉన్నప్పుడు, మూడు రోజులు వరసగా తిరిగి అలిసిపోయినప్పుడు గదే తీసుకోండి, డబ్బుకి చూసుకోవద్దు. కానీ గదిలో దిగిన ఊళ్ల పేర్లు చెప్పమంటే నాకు తడుముకోవాల్సి వస్తుంది. డార్మిటరీల్లో పడుకున్న ఊళ్లలో పక్క మంచం ఎవరిదో కూడా గుర్తుంది.

మా ఎదురింటి అమ్మాయి రెండేళ్ల కిందట మీరు వెళ్లే ట్రెక్‌కే వెళ్లొచ్చింది. రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర అందరూ వాళ్లవాళ్ల భాషల్లో పాడతారట, ఆ తర్వాత వేడివేడి బోర్న్‌వీటా ఇచ్చి ఎవరి టెంటుకి వాళ్లని పంపిస్తారట. సుమారు 13,800 అడుగుల ఎత్తున మంచులోంచి నడవాలి. మీ ఆయన ఎదటి మనిషి చెయ్యి ఎలా పట్టుకుంటాడో, వెనకబడిన వాళ్ల కోసం ఆగుతాడో లేదో, నువ్వు అక్కడ చూస్తావు. ఆయనా నిన్ను చూస్తాడు. మీ రెండు గదుల ఫ్లాటులో ఇద్దరూ చెరో ఫోను పట్టుకుని కూర్చోవడం మొన్న చూసే ఈ మాట రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. పొద్దున్నే టెంటులోంచి బయటికొచ్చి ఒకరికొకరు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

మీ అత్తగారితో నేను మాట్లాడతాను. శుక్రవారం గుడి దగ్గర కలుస్తారు. ఆవిడది మొండితనం కాదు, బెంగ. ఆ తడిగుడ్డ పిల్ల సంగతి చెబితే ఆవిడకి నచ్చుతుంది.

ఈ ఉత్తరంతో పాటు ప్లాస్టిక్ కవరులో ఆ రెండు దుప్పటి సంచులూ పంపుతున్నాను. కొండ మీద వాళ్లే స్లీపింగ్ బ్యాగులిస్తారు, వాటి లోపల వేసుకోండి, మెడకి గరుకు తగలదు. ఉతికి ఎండబెట్టాను. ఎర్రదారంతో "లా" అని కుట్టి ఉన్నది మీ మామయ్యది, లాలాగూడ గుర్తు. అది మీ ఆయనకివ్వు. నాదాని అడుగున ఎడంపక్క జానెడు కుట్టు ఊడింది. నా కళ్లకి సూదిలో దారం ఎక్కడం లేదు, బయల్దేరేలోపు నువ్వే వేసుకో. రెండు పేటల దారంతో వెయ్యి.

ఆశీస్సులతో,
అత్తయ్య