భయపడి పెట్టిన సంతకం

ప్రశ్న: మా ఆయన జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా ప్యాకింగ్ ఆపరేటరు. పదకొండు రోజుల కిందట హెచ్‌ఆర్ వాళ్లు గదిలోకి పిలిచి, ఆర్డర్లు లేవు, రాజీనామా ఇచ్చి వెళ్లమన్నారట. ఇవ్వకపోతే రిలీవింగ్ లెటర్ రాదు, పీఎఫ్ ఆగిపోతుంది, ఇంకెక్కడా పని దొరకదు అన్నారట. వాళ్లే టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశారు. ఆఖరి నెల జీతం కూడా ఇంకా పడలేదు. ‘సంతకం పెట్టాక ఇంకేముంది’ అంటున్నారు అందరూ. వకీలును పెట్టుకునే స్తోమత మాకు లేదు. ఏమైనా చేయొచ్చా?
– ఒక సోదరి, కుత్బుల్లాపూర్

జవాబు: చేయొచ్చమ్మా. పదకొండు రోజులే అయింది కాబట్టి చాలా చేయొచ్చు. ఇదే ఉత్తరం ఏడాది తర్వాత రాసి ఉంటే నా జవాబులో ఇంత ధైర్యం ఉండేది కాదు.

ముందు ఆ సంతకం సంగతి చూద్దాం. రాజీనామా అంటే ఉద్యోగి తన ఇష్టంతో ఉద్యోగం వదులుకోవడం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం బెదిరించి తీసుకున్న ఒప్పుదలను, ఇచ్చినవాడు రద్దు చేసుకోవచ్చు. అయితే బెదిరించారని చూపించాల్సిన భారం మీ ఆయన మీదే ఉంటుంది. ఇలాంటి కేసుల్లో విచారించేవారు మొదట అడిగేది ఒకటే: ‘ఇష్టం లేకుండా పెట్టిన సంతకమైతే, బయటికొచ్చాక ఎన్నాళ్లకు ఎదురు చెప్పారు?’ వారంలో, పది రోజుల్లో రాసిన ఉత్తరానికి ఉన్న బలం, ఆరు నెలల తర్వాత వేసే పిటిషన్‌కు ఉండదు. నోరెత్తకుండా ఊరుకుంటే, డబ్బు కూడా తీసుకుంటే, ఇష్టంతోనే వెళ్లాడని కంపెనీ వాదిస్తుంది.

అందుకని ఈ పత్రిక పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం తీసుకోండి. భాష గొప్పగా ఉండక్కర్లేదు, తెలుగులోనే రాయొచ్చు. ‘ఫలానా తేదీన, ఫలానా సమయానికి నన్ను గదిలోకి పిలిచి, ఈ మాటలు అని భయపెట్టి, మీరే తయారుచేసిన రాజీనామా మీద సంతకం పెట్టించుకున్నారు. అది నా ఇష్టంతో ఇచ్చింది కాదు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. డ్యూటీకి రావడానికి సిద్ధంగా ఉన్నాను, చేర్చుకోండి.’ ఇంత చాలు. గదిలో ఎవరెవరు ఉన్నారో పేర్లు రాయండి. వాళ్లన్న మాటలు గుర్తున్నంతవరకు అలాగే రాయండి. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చే విధంగా కంపెనీకి పంపండి. ఈమెయిలు ఉంటే దాని మీద కూడా పంపండి. ఒక నకలు, పోస్టు రసీదు మీ దగ్గర జాగ్రత్తగా ఉంచుకోండి.

ఉత్తరం పంపాక మీ ఆయన ఒకసారి గేటు దగ్గరికి నిజంగానే వెళ్లాలి. సెక్యూరిటీ వాళ్లు ఆపేస్తే గొడవ పడకుండా వెనక్కి వచ్చి, ‘ఈ రోజు డ్యూటీకి వస్తే లోపలికి రానివ్వలేదు’ అని ఇంకో ఉత్తరం అదే రోజు పంపాలి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, గేటు బయటే ఆపేసి, తర్వాత ‘చెప్పకుండా మానేశాడు’ అని పేరు కొట్టేయడం మన పారిశ్రామికవాడల్లో మామూలైపోయింది. సెలవు లేకుండా రాలేదన్న సాకుతో, విచారణ లేకుండా పేరు తీసేయడం చెల్లదని 1993లోనే డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కార్మికుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలంది.

ఇంతకీ కంపెనీకి ఆ కాగితం ఎందుకంత అవసరమైంది? ఆర్డర్లు లేక మనిషిని తీసేయడాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. ఏడాదిలో 240 రోజులు పని చేసిన కార్మికుణ్ణి అలా తీసేయాలంటే నెల ముందు నోటీసో, దానికి బదులు నెల జీతమో ఇవ్వాలి. పూర్తి చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం పరిహారం ఇవ్వాలి. మామూలుగా చివర చేరినవాణ్ణి మొదట పంపాలి. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఇంకో పదిహేను రోజుల జీతం నైపుణ్య నిధికి జమ చేస్తే, అది కార్మికుడి ఖాతాకు రావాలి. 300 మంది, అంతకుమించి కార్మికులున్న ఫ్యాక్టరీ అయితే ముందుగా ప్రభుత్వ అనుమతి కూడా కావాలి. మీ ఆయనవి తొమ్మిదేళ్లు. పరిహారం సుమారు నాలుగున్నర నెలలు, నోటీసు ఒక నెల, నిధి సగం నెల. మొత్తం ఆరు నెలల జీతం. రాజీనామా అయితే ఇందులో ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. ఆ గదిలో ఒక్క సంతకంతో కంపెనీ మిగుల్చుకున్నది అదీ. ఆర్డర్లు లేకపోవడం మీ ఆయన తప్పు కాదు. ఆ నష్టాన్ని ఆయన నెత్తిన పెట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక వాళ్లు బెదిరించినవాటిలో చాలావరకు వాళ్ల చేతిలో లేనివే. పీఎఫ్‌లో చేరిన డబ్బు మీ ఆయనది. పీఎఫ్ నంబరు యూఏఎన్‌కు ఆధార్, బ్యాంకు ఖాతా జతపడి ఉంటే కంపెనీ గడప తొక్కకుండానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి, ప్రతి నెలా కోసుకున్నది జమ అయిందో లేదో ఈ రోజే చూడండి. జీతంలో కోసుకుని కట్టకపోతే అది క్రిమినల్ నేరం.

ఆగిన జీతం సంగతి ఇంకా సూటిగా ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, తీసేసినా, తనంతట తానే మానేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చేతికి రావాలి. రాజీనామా నిజమేనని కంపెనీ వాదించినా ఈ గడువు ఎప్పుడో దాటిపోయింది. కార్మిక శాఖలోని అధికారి ముందు క్లెయిమ్ వేసుకోవచ్చు. దానికి మూడేళ్ల గడువుంది. బాకీతో పాటు దానికి పది రెట్లదాకా పరిహారం వేసే అధికారం ఆయనకుంది. జీతం ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. ఈ కోడ్‌లో జీతానికి పైపరిమితి లేదు. మేనేజర్లకూ వర్తిస్తుంది.

గ్రాట్యుటీ మరీ ముఖ్యం. ఐదేళ్లు దాటినవారికి రాజీనామా చేసినా సరే వస్తుంది. లెక్క మీరే వేసుకోండి. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఏళ్లతో గుణించాలి. వేతనం 20,800 అనుకుంటే రోజుకు 800, ఏడాదికి 12,000, తొమ్మిదేళ్లకు 1,08,000 రూపాయలు. ఆరు నెలలకు మించిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. ముప్ఫై రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీ కూడా కట్టాలి.

ఒక హెచ్చరిక. సెటిల్‌మెంట్ ఇస్తామని పిలిచి, ‘పూర్తి, తుది పరిష్కారం, ఇక ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న కాగితం ముందు పెడతారు. దాని మీద సంతకం పెట్టకండి. డబ్బు తీసుకోక తప్పకపోతే, ‘నా హక్కులు వదులుకోకుండా తీసుకుంటున్నాను’ అని చేత్తో రాసి, కింద తేదీ వేసి, ఫొటో తీసుకోండి. రాయనివ్వకపోతే లేచి వచ్చేయండి.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నది. మీరు కార్మిక శాఖ సహాయ కమిషనర్ కార్యాలయంలో రాజీ చర్చల కోసం దరఖాస్తు ఇవ్వాలి. తొలగింపు విషయంలో యూనియన్ ఉన్నా లేకపోయినా కార్మికుడు ఒక్కడే వెళ్లొచ్చు. అధికారి రెండు పక్షాలనూ పిలిచి మాట్లాడతారు. దరఖాస్తు పెట్టి నలభై ఐదు రోజులు దాటినా తేలకపోతే, మీరు నేరుగా పారిశ్రామిక ట్రిబ్యునల్ తలుపు తట్టొచ్చు. మన దగ్గర ఇన్నాళ్లూ ఈ కేసులు హైదరాబాద్, వరంగల్, గోదావరిఖని, విశాఖపట్నం, గుంటూరు, అనంతపురంలలోని లేబర్ కోర్టుల్లో నడుస్తూ వచ్చాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం తొలగింపు కేసుకు మూడేళ్ల గడువిచ్చేది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని రెండేళ్లకు కుదించింది. మూడేళ్లుందని పాత అలవాటుతో చెప్పేవారి మాట వినకండి. బ్యాంకులు, రైల్వే, గనులు, పోర్టుల్లో పని చేసేవారు రాష్ట్ర కార్మిక శాఖకు కాకుండా కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయానికి వెళ్లాలి.

వకీలు ఖర్చు గురించి అడిగారు. చాలామందికి తెలియని రెండు సంగతులు చెబుతాను. మొదటిది, రాజీ చర్చల దగ్గర ఏ పక్షమూ లాయరును తెచ్చుకోకూడదు. తర్వాత ట్రిబ్యునల్లో కూడా అవతలి పక్షం ఒప్పుకుని, ట్రిబ్యునల్ అనుమతిస్తేనే లాయరు నిలబడగలడు. కంపెనీ పెద్ద వకీలును దింపబోతే ‘మాకు సమ్మతం లేదు’ అనే హక్కు మీ ఆయనకుంది. ఆయన తరఫున యూనియన్ నాయకుడు మాట్లాడొచ్చు. ఫ్యాక్టరీలో యూనియన్ లేకపోయినా, ఆ వాడలో కార్మిక సంఘాల ఆఫీసులుంటాయి. లేబర్ కోర్టు చుట్టూ ఏళ్లుగా తిరిగిన మనుషులు అక్కడ దొరుకుతారు.

రెండోది, ఉచిత న్యాయ సహాయం. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం, పన్నెండో సెక్షన్ చూడండి. పేదవారికి మాత్రమే అనుకుంటారు అందరూ. పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతోంది. కాగితాలు రాయించుకోవడం దగ్గర్నుంచి సాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మండల స్థాయి కోర్టుల్లో మండల న్యాయ సేవాధికార సంఘం ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా చాలు. లోక్ అదాలత్‌కు పంపుతామంటే మంచిదే. అయితే అక్కడ కుదిరిన రాజీయే తీర్పు, దాని మీద అప్పీలు లేదు. అంకె నచ్చకపోతే ఒప్పుకోకండి, కేసు మామూలుగా నడుస్తుంది.

గెలిస్తే ఏం వస్తుంది? తొలగింపు తప్పని తేలితే మళ్లీ ఉద్యోగం, మధ్యకాలపు జీతం. 2013లో దీపాలి గుండు సుర్వాసే కేసులో, అన్యాయంగా తీసేసినప్పుడు పాత జీతంతో సహా తిరిగి తీసుకోవడమే మామూలు పద్ధతి అని సుప్రీంకోర్టు చెప్పింది. ఈలోగా తనకు అంతటి సంపాదన లేదని కార్మికుడు చెప్పుకోవాలి. ఇల్లు గడవడానికి ఆటో నడిపినా, కూలికి వెళ్లినా దాచవద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అబద్ధం ఒకటి దొరికితే కేసంతా అనుమానంలో పడుతుంది. నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కేసులకు ఏళ్లు పడతాయి, కొన్నిసార్లు ఉద్యోగానికి బదులు ఏకమొత్తం డబ్బే ఇప్పిస్తారు. మొదటి నలభై ఐదు రోజుల్లో రాజీ చర్చల దగ్గర గౌరవమైన అంకె కుదిరితే, దాన్ని ఆలోచించడంలో చిన్నతనం లేదు.

రుజువులు ఇవాళే ఒకచోట చేర్చండి. నియామక పత్రం, జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఈఎస్ఐ కార్డు, గుర్తింపు కార్డు రెండు వైపులా ఫొటో. హెచ్‌ఆర్ నుంచి వచ్చిన వాట్సాప్ సందేశాలు తుడిచేయకండి, ఆ ఫోను అమ్మకండి. అదే రోజు ఇంకెవరితోనైనా ఇలాగే రాయించుకున్నారా అని కనుక్కోండి. పదిమంది రాజీనామాలు ఒకే తేదీన, ఒకే టైపులో, ఒకే వాక్యాలతో ఉంటే అవి ఇష్టంతో ఇచ్చినవని నమ్మించడం కంపెనీకి కష్టం.

ఈ జవాబు చదివే ఇతరులకు కొంచెం. షాపులు, ప్రైవేటు ఆఫీసుల్లో ఆరు నెలలు దాటినవారిని సరైన కారణం, నెల నోటీసు (లేదా దానికి బదులు నెల జీతం) లేకుండా తీసేయకూడదని రెండు తెలుగు రాష్ట్రాల్లోని 1988 నాటి షాపులు, సంస్థల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. దాని మీద కార్మిక శాఖలోనే అప్పీలు ఉంది. ‘ఎగ్జిక్యూటివ్’ అని పేరు తగిలించినంత మాత్రాన కార్మికుడు కాకుండా పోరు. కోర్టు చూసేది హోదాను కాదు, చేసే పనిని. లైంగిక వేధింపుల ఫిర్యాదుకు గడువు మూడు నెలలే. పదిమంది కూడా లేని చోట పని చేసే మహిళలు జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వొచ్చు. ప్రభుత్వోద్యోగుల దారి వేరు. కేంద్ర ఉద్యోగులకు హైదరాబాద్‌లో కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ (క్యాట్) ఉంది. రాష్ట్ర ఉద్యోగులు, రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునళ్లు రద్దయ్యాక, హైకోర్టుకే వెళ్తున్నారు.

మళ్లీ మీ దగ్గరికి వస్తానమ్మా. మీ ఆయన సిగ్గుపడుతూ ఉండొచ్చు, ఎందుకు సంతకం పెట్టానా అని రాత్రిళ్లు నిద్ర పట్టకపోవచ్చు. తలుపు మూసిన గదిలో, ఎదురుగా నలుగురు కూర్చుంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ఆయన్ని ఒక్క మాట కూడా అనకండి. పక్కన కూర్చుని ఆ ఉత్తరం మీరే రాయండి, సంతకం ఆయనతో పెట్టించండి. రేపు పొద్దున పోస్టాఫీసు తెరవగానే పంపి, అక్కడి నుంచే 15100కి ఫోన్ చేయండి.