ఒక ఊరిని చదవడం ఎలా? (మదనపల్లె చెప్పే పాఠం)



చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. జర్మనీలో రోతెన్‌బర్గ్ అనే పాత పట్టణం ఉంది. దాని చుట్టూ కట్టిన ప్రాకారం నేటికీ నిలిచి ఉంది. అక్కడికి వెళ్లినవారికి ఆ గోడే చరిత్ర చెబుతుంది. మన మదనపల్లెకు అలాంటి గోడ లేదు. అయినా మూడు ప్రశ్నలు వేసుకుంటే ఈ ఊరు కూడా తన కథ చెబుతుంది.

1. ఊరు ఎలాంటి చోట ఉంది?

మదనపల్లె సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉంది. చిత్తూరు, తిరుపతి కంటే ఇక్కడ చల్లదనం ఎక్కువ. గాలి పొడిగా ఉంటుంది. టమాటా పంటకు ఈ వాతావరణం బాగా కుదిరింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం కడప జిల్లాలో ఉండేది. ఆ కడప కలెక్టరు హార్స్లీ 1870 ప్రాంతంలో దగ్గరలోని కొండపై ఇల్లు కట్టుకున్నాడు. అప్పటినుంచి అది హార్స్లీ హిల్స్ అయింది. అంతకుముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ కథను పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కలెక్టరు పేరు మ్యాపులోకి ఎక్కింది, మల్లమ్మ పేరు జనం నోట మిగిలింది.

2. ఊరు ఎవరికి తలుపు తెరిచింది?

క్షయవ్యాధికి కారణమైన క్రిమిని 1882లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ప్రకటించాడు. కానీ మందు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. అంతవరకు మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే వైద్యం. అందుకే వివిధ క్రైస్తవ మిషన్లు కలిసి ఈ పొడి వాతావరణంలో ఆరోగ్యవరం శానిటోరియం స్థాపించాయి. డెన్మార్క్ దేశస్థుడు డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించాడు. రోగిని ఇంట్లోవాళ్లే దూరం పెట్టే కాలంలో ఈ ఊరు పడక ఇచ్చింది.

1915లో అనిబిసెంట్ బి.టి. కళాశాల స్థాపించారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బస చేశారు. 'జనగణమన'ను మొదట పాడింది 1911లో కలకత్తా కాంగ్రెస్ సభలో. దానికి ఆంగ్లానువాదం ఠాగూర్ చేతిరాతలో వెలువడింది మాత్రం 1919 ఫిబ్రవరి 28న, మన మదనపల్లెలో. ఐర్లాండ్ నుంచి వచ్చిన సంగీతజ్ఞురాలు మార్గరెట్ కజిన్స్ ఆ పాట బాణీకి స్వరలిపి రాశారు. 1950 జనవరి 24న అది జాతీయ గీతమైంది. రేపు ఉదయం ప్రార్థనలో నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

3. ఊరిని మోస్తున్నది ఎవరు?

పరీక్షల్లో మొదటి రెండు ప్రశ్నలు వస్తాయి. మూడోది రాదు. చరిత్ర పుస్తకంలో కలెక్టరు, ప్రిన్సిపాలు, డాక్టరు పేర్లు ఉంటాయి. ఆ భవనాలకు రాళ్లు మోసినవారి పేర్లు ఉండవు. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే చేతులు, మార్కెట్ యార్డులో తెల్లవారకముందే టమాటా బాక్సులు దించే హమాలీలు కూడా ఈ ఊరి చరిత్రే. మా అమ్మ ఆ మార్కెట్లోనే కాయలు ఏరే పనికి పోయేది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటిదాన్ని. పి.జి.లో స్థానిక చరిత్ర చదువుతుంటే, మా అమ్మ లాంటివాళ్ల గురించి ఒక్క పేజీ కూడా దొరకలేదు. ఆ పేజీ మనమే రాయాలి.

పుంగనూరు, కుప్పం విద్యార్థులకు

ఇవే ప్రశ్నలు మీ ఊరికీ వేయండి. పుంగనూరు పేరు చెబితే మూడడుగుల లోపు ఎత్తుండే పొట్టి ఆవు గుర్తొస్తుంది. ఎండుగడ్డితో కరువును తట్టుకునే జాతి అది. సంకర జాతులు వచ్చాక తగ్గిపోతే, పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుతూ వచ్చారు. కానీ అంతకుముందు తరతరాలుగా దాన్ని పెంచింది మన పల్లె రైతులే. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. సంతలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ రావడంలో అర్థముంది. రోజూ రైలెక్కి బెంగళూరు పనికి పోయేవారి కథ మాత్రం ఇంకా రాయవలసే ఉంది.

మనం చేయవలసిన పని

ఈ సెలవుల్లో ఒక్కొక్కరూ ఒక పెద్దమనిషి దగ్గర కూర్చోండి. ఏ పని చేశారు, కూలి ఎంత, బడికి ఎందుకు పోలేకపోయారు, ఊరి బావిలో నీళ్లు తోడుకోనిచ్చారా అని అడగండి. వారి మాటల్లోనే నోటుబుక్కులో రాయండి. పేరు, ఊరు, తేదీ తప్పక వేయండి. పూర్వ విద్యార్థులు తమ కాలం నాటి హాస్టలు ఫొటోలు, ఉత్తరాలు పారేయకుండా తెచ్చి ఇవ్వాలి. దూరపు పల్లెల పిల్లలకు అన్నం పెట్టి, చదువుకోవడానికి చోటిచ్చిన ఈ హాస్టలు కూడా ఊరు తెరిచిన తలుపే. దాని చరిత్రను వేరెవరో వచ్చి రాయరు.

వచ్చే ఏడు సంచికలో కనీసం పది మంది పెద్దల జీవితాలు అచ్చు కావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.